మాట ఎక్కడ ఆగింది? పిల్లల్లో, పెద్దల్లో మాట, భాషా సమస్యలు

విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల వీధుల వెంట ఇప్పుడు స్కానింగ్ సెంటర్ల పక్కనే స్పీచ్ థెరపీ బోర్డులు కనిపిస్తున్నాయి. ఆ గదుల బయట రెండున్నరేళ్లొచ్చినా పది మాటలు దాటని బాబు ఉంటాడు. కాకిని ‘తాతి’ అనే ఐదేళ్ల పాప ఉంటుంది. పక్షవాతం వచ్చి నెల తిరిగిన అరవై ఏళ్ల రైతు, గొంతు బొంగురుపోయిన టీచరమ్మ కూడా ఉంటారు. అందరూ చెప్పేది ఒకటే: మాట సరిగ్గా రావట్లేదు. కానీ ఈ నలుగురిలో ఏ ఇద్దరి సమస్యా ఒకటి కాదు. ఒకరికి పనిచేసిన చికిత్స ఇంకొకరికి పనికిరాదు, కొన్నిసార్లు నష్టం కూడా చేస్తుంది. కాబట్టి ‘మాట ఎప్పుడొస్తుంది’ అని అడిగేముందు ‘మాట ఎక్కడ ఆగింది’ అన్నది తేలాలి.

ఒక్క జవాబు వెనక ఎన్ని పనులు

‘‘నీళ్లు తాగుతావా?’’ అని అమ్మ అడిగితే ‘‘నాకొద్దు, చెల్లికివ్వు’’ అని నాలుగేళ్ల పిల్లాడు అన్నాడనుకుందాం. ముందు ప్రశ్న చెవికి చేరాలి. విన్న చప్పుడు మాటలుగా విడిపోవాలి, అర్థం తట్టాలి. చెప్పదలచినదానికి పదాలు దొరకాలి. ‘చెల్లి’ పక్కన ‘కి’ పెట్టాలని తెలియాలి. అది లేకపోతే నీళ్లు ఎవరు ఎవరికి ఇవ్వాలో తేలదు. ఇక్కడిదాకా భాష పని. తర్వాత ఏ ధ్వని ముందు, ఏది వెనక అని మెదడు వరస కట్టాలి. ఊపిరి, స్వరతంత్రులు, అంగిలి, నాలుక, పెదవులు ఆ వరస ప్రకారం కదలాలి. మధ్యలో ఆగకుండా సాగాలి. ఇది మాట పని: ఉచ్చారణ, గొంతు, ధార.

ఒకటి దెబ్బతిన్నా రెండోది నిక్షేపంగా ఉండొచ్చు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పే స్థితి) ఉన్న అమ్మాయి నోరు తిరగక ముద్దగా పలికినా, అక్షరాల బోర్డు మీద వేలు పెట్టి పూర్తి వాక్యాలు చెప్పగలదు. అక్షరమక్షరం స్పష్టంగా పలికే పిల్లాడికి నిన్న బడిలో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పడం చేతకాకపోవచ్చు. ఊళ్లో వాళ్ల దృష్టిలో మొదటి పిల్లకే లోపం. రెండోవాడికీ ఏదో ఇబ్బంది ఉందని చాలా ఏళ్లు ఎవరికీ తట్టదు.

అన్నిటికంటే ముందు చెవి

వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగాడు, పళ్లెం కింద పడితే ఉలిక్కిపడ్డాడు, కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని ఇంట్లో తేల్చేస్తారు. ఈ పరీక్షను నమ్మడానికి లేదు. ఆ చప్పుళ్లు మామూలు మాటకంటే చాలా పెద్దవి. పైగా వినికిడి లోపం అన్ని ధ్వనులకూ సమానంగా ఉండాలని లేదు. సన్నటి ధ్వనులు మాత్రమే అందని పిల్లలకు ‘ఆ’, ‘ఓ’ లాంటి అచ్చులు బాగానే వినిపిస్తాయి. ‘స’, ‘శ’, ‘చ’ లాంటివి జారిపోతాయి. అలాంటి పిల్లాడు పిలిస్తే పలుకుతాడు, టీవీ పాటకు ఊగుతాడు, మాటలు మాత్రం నేర్చుకోలేకపోతాడు.

అందుకే మాట ఆలస్యమైన ఏ పిల్లకైనా మొదట చేయించేది వినికిడి పరీక్ష. ఓఏఈ పరీక్షలో చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి, లోపలి చెవి కణాలు తిరిగి పంపే సన్నటి ధ్వనిని కొలుస్తారు. కొద్ది నిమిషాల పని. బెరా పరీక్షలో నిద్రపోతున్న బిడ్డ తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దం నరం గుండా మెదడు కాండం దాకా చేరుతోందో లేదో చూస్తారు. ఓఏఈ బాగున్నా నరం దగ్గర లోపం మిగిలిపోవచ్చు. కాబట్టి నెలలు నిండక ముందే పుట్టి ఎన్‌ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఐసీయూలో ఉన్న పిల్లలకు, తీవ్రమైన కామెర్లు వచ్చినవాళ్లకు బెరా కూడా చేయిస్తారు. మేనరికపు పెళ్లిళ్లలో పుట్టుచెవుడుకు అవకాశం పెరుగుతుంది కనుక ఆ కుటుంబాల్లో ఈ పరీక్షకు ఇంకా ప్రాధాన్యం ఉంది. పుట్టిన నెలలోపు తొలి పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు వినికిడి మిషన్ లేదా చికిత్స: ప్రపంచమంతటా పాటించాలని చూసే కొలమానం ఇది.

పుట్టుకతో బాగా విన్న పిల్లల్లోనూ జలుబులు వదలకుండా వస్తుంటే కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు, జ్వరం రాదు. చెవుల్లో వేళ్లు పెట్టుకుని వింటే ఎలా ఉంటుందో ఆ పిల్లకు నెలల తరబడి అలా ఉంటుంది. టింపనోమెట్రీ అనే పరీక్షలో ఇది తెలిసిపోతుంది.

రెండు చెవులూ తీవ్రంగా దెబ్బతిని, వినికిడి మిషన్లతో లాభం లేని పిల్లలకు ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఒక మార్గం. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం కింద తొలి ఏళ్ల నుంచే ఈ ఆపరేషన్‌ను చేస్తున్నారు. ఆపరేషన్ అయిన రోజే బిడ్డకు వినిపిస్తుందని, మాట వచ్చేస్తుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది. కుట్లు మానాక యంత్రాన్ని ఆన్ చేస్తారు, బిడ్డకు తగినట్టు దఫదఫాలుగా సరిచేస్తారు. అప్పుడు వినడం మొదలవుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలాగా అక్కడి నుంచి నేర్చుకోవాలి. ఏళ్ల తరబడి థెరపీ సాగకపోతే లోపల పెట్టిన ఖరీదైన పరికరం వృథా అవుతుంది.

రెండేళ్లకు ఎన్ని మాటలు?

పిల్లలందరూ ఒకే తారీఖున మాట్లాడరు. అయినా ఒక క్రమం ఉంటుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ‘బబబ’, ‘దదద’ అంటూ ముద్దు పలుకులు, ఏడాది దగ్గర మొదటి మాట, రెండేళ్లకు సుమారు 50 మాటలు, ‘అమ్మ రా’, ‘ఇంకా పాలు’ లాంటి రెండేసి మాటల కూర్పులు. ఏది మాట కింద లెక్క అన్న సందేహం చాలామందికి ఉంటుంది. స్పష్టంగా పలకాల్సిన పనిలేదు. ‘బువ్వ’, ‘అత్త’, ‘జో’, కుక్కను చూపి ‘భౌ’ ఇవన్నీ లెక్కే, ఎప్పుడూ అదే అర్థంలో తనంతట తాను వాడుతుంటే. మనం చెప్పించినప్పుడు మాత్రమే అనేది లెక్కలోకి రాదు.

ఇక్కడే పెద్ద వాదన ఉంది. ‘‘మగపిల్లలకు ఆలస్యమే’’, ‘‘వాళ్ల మేనమామకీ నాలుగేళ్లకే వచ్చింది’’ అంటూ ఆగుదామనేవాళ్లు ఒకవైపు. వాళ్ల మాటలో కొంత నిజముంది: రెండేళ్లకు వెనకబడి, మిగతా ఎదుగుదల బాగున్న పిల్లల్లో సగానికి పైగా బడికి వెళ్లే వయసుకు అందుకుంటారు. మగపిల్లలు సగటున కొంచెం వెనక ఉండే మాటా నిజమే, కానీ ఆ తేడా వారాల్లో, మహా అయితే ఒకటి రెండు నెలల్లో ఉంటుంది, ఏళ్లలో కాదు. రెండోవైపు థెరపిస్టులు అడిగేది: అందుకోలేని మిగతావాళ్లు ఎవరో ముందే ఎలా తెలుస్తుంది? అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో తన పట్టికలు సవరిస్తూ, 75 శాతం పిల్లలు చేరుకునే స్థాయిని ప్రమాణంగా తీసుకుని 50 మాటల గుర్తును 30 నెలల దగ్గర పెట్టింది. అనవసరమైన కంగారు తగ్గుతుందని కొందరు, సాయం ఆలస్యమవుతుందని మరికొందరు ఇప్పటికీ వాదిస్తున్నారు.

ఆ రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: మాటల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇద్దరు పిల్లల్ని చూద్దాం, ఇద్దరికీ రెండేళ్లు. మొదటి బాబు నోట పదిహేను మాటలే. కానీ ‘‘నాన్న చెప్పులు తీసుకురా’’ అంటే తెస్తాడు, ఆకాశంలో విమానం చూపించి మన ముఖం చూస్తాడు, కావలసింది చెయ్యి పట్టి లాగి చూపిస్తాడు, టాటా చెబుతాడు. రెండో బాబు ఏ బీ సీ డీలు అప్పజెబుతాడు, ఫోన్లో విన్న ఇంగ్లీషు పాట పొల్లుపోకుండా పాడతాడు, రంగుల పేర్లు చెబుతాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. వేలుతో చూపడు. ఆకలేస్తే ఏడుస్తాడు తప్ప అడగడు. ఇంట్లో రెండోవాడిని చూసి మురిసిపోతారు. వెంటనే పరీక్ష చేయించాల్సింది అతనికే, ఎందుకంటే అవి ఆటిజం లక్షణాలు కావచ్చు. మొదటి బాబుకు వినికిడి పరీక్ష చేయించి, ఇంట్లో మాట పెంచే పద్ధతులు మొదలుపెట్టి, మూడు నెలలకోసారి చూసుకోవచ్చు.

ఏ వాదనా లేకుండా, ఒక్క నెల కూడా ఆగకూడని గుర్తులు ఇవి: ఏడాది నిండినా ముద్దు పలుకులు, వేలుతో చూపడం లేకపోవడం; 16 నెలలకు ఒక్క మాటా లేకపోవడం; రెండేళ్లకు రెండు మాటలు సొంతంగా కలపకపోవడం. అన్నిటికంటే ముఖ్యంగా, వచ్చిన మాటలు పోవడం, అది ఏ వయసులోనైనా సరే.

మాట త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. వసతో మాట వస్తుందనడానికి ఆధారం లేదు. అందులోని బీటా అసరోన్ జంతువుల మీద పరీక్షల్లో క్యాన్సర్ కలిగించడంతో అమెరికా 1968లో దాన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. ఏడాది లోపు బిడ్డకు తేనె కూడా ప్రమాదమే. బోట్యులిజం అనే జబ్బు రావచ్చు.

సెల్‌ఫోన్ సంగతి ఇంకొంచెం చిక్కు. రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఎక్కువసేపు ఫోన్ చూసే పిల్లల్లో మాట ఆలస్యం ఎక్కువగా కనిపిస్తుందన్నది పదే పదే తేలిన విషయం. అయితే ఫోన్ వల్లే మాట ఆగిందా, మాట రాని పిల్లలు ఫోన్‌కి ఎక్కువ అతుక్కుంటారా అన్నది అన్ని సందర్భాల్లో విడదీయలేం. ‘వర్చువల్ ఆటిజం’ అనే మాట యూట్యూబ్‌లో బాగా తిరుగుతోంది గానీ అది వైద్యంలో గుర్తింపు ఉన్న రోగనిర్ధారణ కాదు. ఫోన్ ఆపేస్తే అంతా సర్దుకుంటుందని ఆ ఒక్క పనితో ఏడాది గడిపేస్తే పరీక్షలకు దక్కాల్సిన కాలం పోతుంది. ఫోన్ ఆపాలి, పరీక్షా చేయించాలి.

ఫోన్ తీసేసిన సమయంలో ఏం చేస్తామన్నది అంతకంటే ముఖ్యం. పెద్దవాళ్లు సాధారణంగా చేసేది ప్రశ్నలు గుప్పించడం: ఇదేంటి, చెప్పు, ఇది ఏ రంగు, చెప్పు. బిడ్డకు అది పరీక్షలా ఉంటుంది. థెరపిస్టులు నేర్పేది వేరు. బిడ్డ దేన్ని చూస్తుంటే దాని గురించే మాట్లాడాలి, తన మాటకు ఒకటి రెండు మాటలు చేర్చి తిరిగి ఇవ్వాలి. ‘బస్సు’ అంటే ‘ఎర్ర బస్సు వచ్చింది’, ‘పోయింది’ అంటే ‘బస్సు వెళ్లిపోయింది’. తర్వాత కాసేపు ఆగాలి. ఆ ఆగడమే చాలామంది తల్లిదండ్రులకు కష్టం.

కోట, తోట ఒకటైపోతే

నాలుక వెనక భాగం లేచి అంగిలికి తగిలితే ‘క’ వస్తుంది. కొందరు పిల్లలు దాని బదులు నాలుక కొస వాడతారు. కాకి ‘తాతి’ అవుతుంది, కుక్క ‘తుత్త’ అవుతుంది. ‘స’ బదులు ‘త’ పెట్టి సైకిల్‌ని ‘తైకిల్’ అనడం, స్కూల్‌ని ‘కూల్’ అనడం, ‘ర’ బదులు ‘ల’ వాడటం కూడా మామూలే. మూడేళ్ల పిల్లలో ఇవి ముద్దు మాటలు. ‘క’ని ‘త’ చేయడం నాలుగేళ్లు దాటినా పోకపోతే చూపించాలి. ‘ర’, ఒత్తక్షరాలు ఇంకా ఆలస్యంగా కుదురుతాయి కాబట్టి వాటికి కొంత ఓపిక పట్టవచ్చు. మరో కొలత కూడా ఉంది: నాలుగేళ్ల పిల్ల మాట బయటివాళ్లకు, అంటే ఆటో అతనికో పక్కింటి పిన్నిగారికో చాలావరకు అర్థమవ్వాలి. అమ్మ అనువాదం చేయాల్సి వస్తుంటే ఆలోచించాలి.

చికిత్స ఎలా సాగుతుందో ఒక ధ్వనితో చూద్దాం. మొదట పిల్లకు తేడా వినిపించాలి. కోట బొమ్మ, తోట బొమ్మ ముందు పెట్టి థెరపిస్ట్ ఒకటి అంటే పిల్ల ఆ బొమ్మ చూపాలి. ఆ తర్వాత ‘కోట’ ఇవ్వమని తను అడగబోయి ‘తోట’ అంటే థెరపిస్ట్ తోట బొమ్మే ఇస్తారు. తన పలుకు వల్ల అర్థం మారిపోయిందని పిల్లకు అక్కడ తెలుస్తుంది. ‘కల, తల’, ‘కాలు, తాలు’ జంటలూ ఇలాగే పనికొస్తాయి. ధ్వని పుట్టించడానికి నాలుక కొసను చెక్క పుల్లతో కిందికి నొక్కి పట్టి ‘త’ అనమంటారు. కొస లేవలేదు కాబట్టి వెనక భాగం లేచి ‘క’ వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టినా నాలుక వెనక్కి జారి సాయపడుతుంది. ‘క’ ఒంటరిగా కుదిరాక ‘కా, కీ, కో’, తర్వాత మాట మొదట్లో, మాట మధ్యలో, ఆ తర్వాత వాక్యంలో, చివరికి మామూలు కబుర్లలో. థెరపీ గదిలో ‘కాకి’ అని గుమ్మం దాటగానే ‘తాతి’ అంటుంటే పని సగమే అయినట్టు. వారానికి ఒక్క గంట థెరపీకి రోజూ ఇంట్లో పది నిమిషాల సాధన తోడవ్వాలి.

నాలుక కింద పొర ఉందని, కోయిస్తే మాట వస్తుందని చెప్పడం మన దగ్గర బాగా ఎక్కువ. పొర బిగుతుగా ఉంటే చంటిబిడ్డకు పాలు తాగడం కష్టం కావచ్చు, ‘ర’, ‘ల’, ‘ట’ లాంటి కొన్ని ధ్వనులు తేడాగా రావచ్చు. మాటలే రాకపోవడానికి, అర్థం కాకపోవడానికి, వాక్యాలు కుదరకపోవడానికి ఆ పొర కారణం కాదు. కోత కోయించి ఆరు నెలలు ఎదురుచూసి, తర్వాత వినికిడి పరీక్షకు వచ్చే కుటుంబాలు పోగొట్టుకునేది ఆ ఆరు నెలల్ని.

అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో గాలి ముక్కులోకి పోయి ‘ప’, ‘బ’ కూడా ముక్కుతో వస్తాయి. అంగిలిని సాధారణంగా ఏడాదిన్నర లోపే కుట్టేస్తారు. తర్వాత కూడా ‘పప్పు’ అంటున్నప్పుడు ముక్కు కింద పెట్టిన చిన్న అద్దం మసకబారుతుంటే అంగిలి ఇంకా పూర్తిగా మూసుకోవట్లేదన్నమాట. దానికి నోటి వ్యాయామాలు చాలవు, సర్జన్ మళ్లీ చూడాలి.

యాసను ఈ జాబితాలో కలపకూడదు. ‘వచ్చాడు’ని ‘ఒచ్చాడు’ అనే పల్నాడు పిల్లాడికి, ‘శ’, ‘ష’, ‘స’ మూడూ ఒకేలా పలికే ఇంటి నుంచి వచ్చిన పాపకు ఏ లోపమూ లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎలా పలుకుతారో వాళ్లూ అలాగే పలుకుతున్నారు. బడిలో దీన్ని లోపంగా చూపి నోరు మూయిస్తే ఉన్న మాట కూడా తగ్గుతుంది.

ధ్వనులు బాగుండి వాక్యం కుదరని పిల్లలు

‘పిల్లిని కుక్క తరిమింది’ అనండి. ఆరేళ్ల పిల్లలు చాలామంది కుక్క వెంటపడుతున్న బొమ్మ చూపిస్తారు. కొందరు మాత్రం మొదట విన్న పిల్లినే తరిమినదిగా చూపిస్తారు. తెలుగులో ఎవరు ఎవరిని అన్నది చెప్పేది పదాల వరస కాదు, ‘ని’ అనే ప్రత్యయం. ఆ చిన్న ముక్క వాళ్లకు పట్టుబడలేదు. ఇలాంటి పిల్లలు ‘అన్నయ్యతో’, ‘అన్నయ్యకి’, ‘అన్నయ్య దగ్గర’ కలగాపులగం చేస్తారు. కథ చెప్పమంటే ‘వాడు, అది, అక్కడ’ అంటారు గానీ ఎవరు, ఏది అన్నది చెప్పరు. రెండు మెట్ల సూచన ఇస్తే రెండోదే చేస్తారు. వినికిడి బాగుంటుంది, తెలివి బాగుంటుంది, ఆటిజం ఉండదు. దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, పొట్టిగా డీఎల్‌డీ అంటున్నారు. 2017లో నిపుణులు కుదుర్చుకున్న పేరు ఇది. అంతకుముందు ఒకే సమస్య రకరకాల పేర్లతో చలామణి అయ్యేది. ఇంగ్లండ్‌లో బడి పిల్లల సర్వేలో సుమారు 7 శాతం మందిలో ఇది కనిపించింది. అంటే తరగతికి ఇద్దరు ముగ్గురు. మన బళ్లలో వాళ్లకు దొరికే పేర్లు బద్ధకస్తుడు, శ్రద్ధ లేదు, మొద్దు.

ఇంగ్లీషు మీడియం బడిలో మాట వెనకబడిన పిల్లాడు దొరికితే, ‘‘ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలతో గందరగోళపడుతున్నాడు’’ అని సలహా ఇస్తుంటారు. రెండు భాషల వల్ల భాషా లోపం పుట్టదు. రెండు భాషలు వినే పిల్లలకు ఒక్కో భాషలో మాటలు తక్కువగా అనిపించినా రెండూ కలిపి లెక్కేస్తే సరిపోతాయి. నిజంగా లోపం ఉంటే అది తెలుగులోనూ కనిపిస్తుంది, ఇంగ్లీషులోనూ కనిపిస్తుంది. అసలు పరీక్ష రెండు భాషల్లోనూ చేయాల్సింది అందుకే. బడి భయం వేరు, అదీ అర్థం చేసుకోదగ్గదే: ఇంగ్లీషు వినే అవకాశం తక్కువైతే పాఠం అందదని. కానీ అమ్మమ్మకు, అమ్మకు ధారాళంగా వచ్చింది తెలుగు. ‘కమ్, సిట్, ఈట్, గో’ అనే నాలుగు మాటల ఇంగ్లీషు కోసం ఆ ధారను ఆపితే, పిల్లాడికి కథలు, కారణాలు, వాదనలు వినే చోటు ఇంట్లో లేకుండా పోతుంది.

నత్తి

‘మ మ మ మామయ్య’ అని తిరగతిప్పడం, ‘స్స్స్సర్’ అని సాగదీయడం, నోరు తెరిచినా ధ్వని రాక బిగుసుకుపోవడం, ఈ మూడూ నత్తిలోవే. రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. సుమారు 5 శాతం పిల్లల్లో ఏదో ఒక దశలో కనిపించి, పెద్దల్లో 1 శాతం దగ్గర నిలుస్తుంది. అంటే ఎక్కువమందికి తగ్గిపోతుంది. కుటుంబంలో పెద్దయ్యాక కూడా నత్తి ఉన్నవాళ్లుంటే, మగపిల్లాడైతే, మూడున్నరేళ్ల తర్వాత మొదలైతే, ఏడాదికి పైగా కొనసాగితే నిలిచిపోయే అవకాశం పెరుగుతుంది. భయం వల్ల నత్తి పుట్టదు. వంశపారంపర్యం, మెదడులో మాట సమయాన్ని నడిపే తీరు దీని వెనక ఉన్నాయి. భయం, సిగ్గు తర్వాత వచ్చి దాన్ని పెంచుతాయి.

చిన్నపిల్లలకు రెండు రకాల చికిత్సలున్నాయి. లిడ్‌కోంబ్ పద్ధతిలో మాట సాఫీగా సాగినప్పుడు తల్లిదండ్రులు మెచ్చుకుంటారు, అప్పుడప్పుడు తడబాటును సున్నితంగా ప్రస్తావిస్తారు. రెండోదాంట్లో పిల్లాడి తడబాటు జోలికే పోరు. ఇంట్లో మాట వేగం, ప్రశ్నల ఒత్తిడి తగ్గిస్తారు. తడబాటు ఎత్తి చూపితే పిల్లాడు ముడుచుకుపోతాడని ఒకప్పుడు వాదన. నెదర్లాండ్స్‌లో రెండు పద్ధతుల్నీ పోల్చి 2015లో ప్రచురించిన ఫలితాల్లో ఏడాదిన్నర తర్వాత రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. ‘‘ఊపిరి పీల్చుకుని నెమ్మదిగా చెప్పు’’ అని పదిమందిలో అనడం మాత్రం ఏ పద్ధతిలోనూ లేదు.

పెద్దవాళ్లలో సమస్య బయటికి కనిపించేదానికంటే లోపల ఎక్కువ. మంగళగిరిలో దిగాల్సిన యువకుడికి ‘మ’ దగ్గర బిగుసుకుపోతుందని భయం. కండక్టర్ ఎదుట ‘ఎయిమ్స్ దగ్గర’ అంటాడు. ఎదుటివాళ్లకు నత్తి వినిపించనే లేదు, అతనికి ఆ ప్రయాణమంతా దాని చుట్టూనే గడిచింది. సొంత పేరుకు మాత్రం ఇలా మాట మార్చుకునే వీలు లేదు, అందుకే ఇంటర్వ్యూలు, ఫోన్ కాల్స్ అంత కష్టం. సాఫీ మాట ఒక్కటే లక్ష్యమనే థెరపిస్టులున్నారు. తడబడుతూనే భయం లేకుండా చెప్పదలచింది చెప్పగలగడం అసలు లక్ష్యమనేవాళ్లున్నారు. పెద్దల విషయంలో రెండోదానికే బలం ఎక్కువని చెప్పాలి, ఎందుకంటే తప్పించుకోవడం ఆగకుండా వచ్చిన ధార నిలవదు.

పక్షవాతం తర్వాత మాట పోతే

హఠాత్తుగా మాట ముద్దగా మారినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా ఇచ్చేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే, అదీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేలాక. ఆ గంటల్లో మనిషి నోట్లో నీళ్లు పోయడం, మాత్ర వేయడం ప్రమాదం. మింగే కండరాలు కూడా దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా వస్తుంది. దగ్గు రాలేదంటే క్షేమమని కాదు. కొందరిలో దగ్గే రాకుండా జారిపోతుంది. మింగడం పరీక్షించి ఏది, ఎంత చిక్కగా తినిపించాలో చెప్పేది కూడా స్పీచ్ థెరపిస్టే. ఈ సంగతి ఆసుపత్రుల్లో సైతం చాలామందికి తెలియదు.

ప్రాణం నిలబడ్డాక మాట సంగతి. ఇందులో మూడు వేర్వేరు సమస్యలున్నాయి.

డిసార్థ్రియాలో కండరాలు బలహీనపడతాయి. మాట ముద్దగా వస్తుంది, అన్నీ అర్థమవుతాయి, రాయగలరు. అప్రాక్సియాలో కండరాలకు బలముంది, వరస కట్టే ఆదేశం తప్పుతోంది. ఒకే మాట మూడుసార్లు మూడు రకాలుగా వస్తుంది, నోరు ధ్వని కోసం వెతుక్కుంటుంది. అఫేసియాలో దెబ్బ తగిలింది భాషకే. ఎక్కువమందిలో భాష ఎడమ మెదడులో ఉంటుంది కాబట్టి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయినవాళ్లలో ఇది ఎక్కువ. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మొదట్లో అఫేసియా ఉంటుంది.

అఫేసియా కూడా ఒకటి కాదు. ఏం జరిగిందని అడిగితే ఒకాయన ఇలా చెబుతాడు: ‘‘పొద్దున... పొలం... కాలు... పడి... కొడుకు... గుంటూరు.’’ క్రియలు, ప్రత్యయాలు రాలిపోయాయి, కానీ మనకు అర్థమైంది, ఆయనకూ మన మాట చాలావరకు అర్థమవుతోంది. మాట సరిగ్గా రావట్లేదని ఆయనకు తెలుసు, అందుకే కోపం, ఏడుపు. 1861లో పాల్ బ్రోకా వివరించిన రకం ఇదే. ఇంకొకామె ఆగకుండా మాట్లాడుతుంది: ‘‘అదేనయ్యా, ఆ తిరుడు పెట్టాక వీళ్లొచ్చి దాన్ని సర్దింది చేసుకుంటే ఇంక నేనెక్కడ.’’ రాగం, వేగం మామూలుగానే ఉన్నాయి, అర్థం లేదు, ‘తిరుడు’ లాంటి లేని మాటలున్నాయి. తన మాట తప్పుతోందని ఆమెకు తెలియదు, మన మాటా అందట్లేదు. దీన్ని 1874లో కార్ల్ వెర్నికే వర్ణించాడు. ఇంట్లోవాళ్లు దీన్ని మతిభ్రమణం అనుకుని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం జరుగుతుంటుంది.

పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. తాళంచెవి, గడియారం చూపి పేరడుగుతారు. ఒక వాక్యం తిరిగి చెప్పమంటారు. ‘‘ముందు కళ్లు మూసుకుని, తర్వాత ఎడమ చెయ్యి ఎత్తండి’’ అంటారు, సైగ చేయకుండా. చదివించి, రాయించి చూస్తారు. చదువుకోని పెద్దవాళ్లకు ఆఖరిది పనికిరాదు. వాళ్లకు బొమ్మలు, వస్తువులతో చూడాలి. ‘అవును, కాదు’ తారుమారు కావడం మామూలే. ‘‘భోజనం చేశారా?’’ అంటే తలూపి, పళ్లెం పెట్టగానే ఆత్రంగా తింటారు. కాబట్టి తలూపుడును నమ్మి మందులు, ఆస్తుల విషయాలు తేల్చుకోకూడదు.

వారాల పేర్లు, అంకెలు, ఎప్పటి నుంచో చదివే శ్లోకం, ఒక్కోసారి బూతులు కూడా గడగడా వచ్చేస్తాయి. ‘‘శ్లోకం చెబుతున్నాడు, మనతో మాట్లాడమంటేనే మొండికేస్తున్నాడు’’ అని నొచ్చుకుంటారు. మొండితనం కాదు. అలవాటుగా దొర్లే మాటలు వేరే దారిలో వస్తాయి, కొత్త వాక్యం అల్లే దారి దెబ్బతింది.

పలక తెచ్చి అ ఆలు దిద్దించడం చాలా ఇళ్లలో మొదలుపెట్టే చికిత్స. ఆ మనిషి పసిపిల్లాడై పోలేదు. అనుభవం, గౌరవం, పొలం లెక్క, మనవరాలి పెళ్లి ఆలోచన అన్నీ లోపలే ఉన్నాయి. పనికొచ్చే సాధన ఆయన జీవితంలోని మాటలతో ఉంటుంది: మనవల పేర్లు, కాఫీ, మందు, బాత్రూం, నొప్పి. పేరు తట్టకపోతే మొత్తం అందించకుండా మెట్టు మెట్టుగా సాయం చేస్తారు. ‘‘దీంతో తలుపు తీస్తాం’’, అప్పటికీ రాకపోతే ‘‘తా...’’. ఇంట్లోవాళ్లు ఒకేసారి ఒకరే మాట్లాడి, చిన్న వాక్యాలు వాడి, టీవీ ఆపి, జవాబు కోసం పది సెకన్లు ఆగితే ఎంతో తేడా ఉంటుంది. కాఫీనా, టీనా అని రెండూ చూపి అడిగితే ఆయనే ఎంచుకోగలడు. తొలి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగదు, ఏళ్ల తర్వాత థెరపీ మొదలుపెట్టినా మెరుగుదల చూసినవాళ్లున్నారు.

పక్షవాతం లేకుండా, నెలల మీద నెమ్మదిగా మాటలు మరిచిపోతుంటే అది వేరే దారి. అది డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అవునో కాదో న్యూరాలజిస్ట్ చూడాలి. పార్కిన్‌సన్స్ జబ్బులో గొంతు తగ్గిపోయి గుసగుసలా మారుతుంది. బిగ్గరగా పలికించే ఎల్‌ఎస్‌వీటీ శిక్షణ దీనికి పేరున్నది: వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట, నాలుగు వారాలు.

గొంతు

రోజంతా గొంతెత్తి పాఠం చెప్పే లెక్చరర్లు, మిర్చి యార్డు ఘాటులో అరుస్తూ పనిచేసేవాళ్లు, పిల్లల్లో అరిచి ఆడేవాళ్లు, వీళ్ల స్వరతంత్రుల మీద చిన్న బుడిపెలు వస్తాయి. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే గొంతు పైభాగానికి హాయి. స్వరతంత్రుల దాకా ఆ నీళ్లు చేరవు. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, చాలామందిలో అదీ ఒత్తిడే. తరచూ నీళ్లు తాగడం, క్లాసులో మైకు, గొంతు విసిరే తీరు మార్చే థెరపీ పనిచేస్తాయి. మూడు వారాలు దాటిన బొంగురును, ముఖ్యంగా పొగతాగేవాళ్లలో, ఈఎన్‌టీ డాక్టర్ స్కోప్ పెట్టి చూడాలి. క్యాన్సర్ తొలిదశలో దొరికే అవకాశం అక్కడే ఉంది.

ఎవరి దగ్గరికి, ఏ కాగితంతో

స్పీచ్ థెరపిస్ట్, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ ఇద్దరికీ మూలమైన డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. 1992 చట్టం కింద పనిచేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వీళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తుంది. బోర్డు మీద, రిపోర్టు మీద ఆ నంబర్ ఉండాలి, లేకపోతే అడగొచ్చు. కొన్ని నెలల కోర్సు చేసినవాళ్లు సహాయకులుగా ఉపయోగపడతారు, నిర్ధారణ చేసే అర్హత వాళ్లకు లేదు. థెరపీ గదిలోకి తల్లిదండ్రుల్ని రానివ్వకుండా, ఇంట్లో ఏం చేయాలో చెప్పకుండా, నెలలు గడిచినా లక్ష్యం ఏమిటో రాసివ్వకుండా సెషన్లు లెక్కపెట్టే చోటు మంచిది కాదు.

ఖర్చు భరించలేనివాళ్లకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బళ్లకు వచ్చి 18 ఏళ్లలోపు పిల్లల్ని పరీక్షిస్తాయి; వినికిడి, భాష ఆలస్యం ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గర మళ్లీ చిక్కు వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, పథకాల లబ్ధికి 40 శాతం హద్దు పెట్టింది. అందులో మాట, భాషా వైకల్యమంటే స్వరపేటిక తీసేయడం, అఫేసియా లాంటి అవయవ లేదా నాడీ కారణాలతో వచ్చే శాశ్వత వైకల్యమని నిర్వచనం. ఈ గీత కింద పక్షవాతం రోగికి దారి దొరుకుతుంది; నత్తి ఉన్న యువకుడికి, డీఎల్‌డీ ఉన్న పిల్లకు సులువుగా దొరకదు. గీత వెడల్పు చేయాలని ఒక వాదన. తేలికపాటి సమస్యలన్నీ చేర్చితే తీవ్రమైనవాళ్ల వాటా తగ్గుతుందని ఎదురువాదన. డీఎల్‌డీ పిల్లల్లో చదవడం, రాయడం కూడా దెబ్బతిన్నవాళ్లు నిర్దిష్ట అభ్యసన వైకల్యం కింద పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు పొందగలుగుతున్నారు. ఆ కాగితం వచ్చేదాకా ఆగనక్కర్లేనివి తరగతిలోనే ఉన్నాయి: సూచనలు ఒక్కొక్కటిగా ఇవ్వడం, చెప్పినదాన్ని బోర్డు మీద బొమ్మగానో రెండు మాటలుగానో పెట్టడం, జవాబుకు పది సెకన్లు ఆగడం, చదివించేముందు పాఠంలోని కొత్త మాటలు నాలుగైదు విడిగా నేర్పడం.